సైకాలజీలో పీజీ చేయాలనుకునేవాళ్లకు

(నెల్లూరు పురమందిరంలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం జరిగిన సభలో ఒక సైకాలజీ అధ్యాపకురాలి ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్కడక్కడా సరిచేసి రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలదాకా వినపడుతోందా? సరే.

కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, అటు కందుకూరు, ఒంగోలు నుంచి కూడా వచ్చారని చెప్పారు. ఇంత ఎండలో బస్సులెక్కి వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తాను. మీలో చాలామంది నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే. “మేడమ్, ఎమ్మెస్సీ సైకాలజీకి ఏ యూనివర్సిటీ మంచిది?” దానికి నేను జవాబు చెప్పను. నెల్లూరు బస్టాండులో నిలబడి ఏ బస్సు మంచిదని అడిగితే కండక్టరు ఏమంటాడు? “ముందు ఎక్కడికి పోవాలో చెప్పమ్మా” అంటాడు. నేనూ అదే అడుగుతాను. చదివి ఏం పని చేద్దామనుకుంటున్నావు? “అదే మేడమ్, సైకాలజిస్టుగా...” అని ఆగిపోతారు. సైకాలజిస్టు అనేది ఒక్క ఉద్యోగం పేరు కాదు. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు వేరు, కాలేజీలో కౌన్సెలరు వేరు, కంపెనీలో మనుషుల్ని ఎంపిక చేసే విభాగంలో ఉండేవాళ్లు వేరు, పరిశోధన చేసి పాఠం చెప్పుకునే నాలాంటివాళ్లు వేరు. వీటికి చదవాల్సిన చదువులు వేరువేరు. పని తేల్చుకోకుండా ఫారం నింపితే, రెండేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ముందు తల్లిదండ్రులకు ఒక మాట. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన సైకియాట్రీలో ఎండీ లాంటి పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది వాళ్లు. మీ అమ్మాయి ఎమ్మే సైకాలజీ చేస్తే మందులు రాయలేదు, రాయకూడదు. “మరి దేనికమ్మా ఈ చదువు?” అని ఒక పెద్దాయన ఇందాక గేటు దగ్గరే అడిగారు. చెప్తాను, మందులు లేకుండా చేయాల్సిన పని కూడా కొండంత ఉంది.

క్లినికల్ సైకాలజీ గురించి ఎక్కువమంది అడుగుతారు కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. రోగికి మానసిక పరీక్షలు చేయడం, సమస్య ఏమిటో అంచనా వేయడం, థెరపీ ఇవ్వడం ఈ వృత్తి. ఇందులో చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, మనం ఆర్‌సీఐ అంటాం, వాళ్లు గుర్తించిన అర్హత ఉండాలి. లేదంటే సైకాలజీ పీజీ పైన రెండేళ్లు పూర్తికాలం ఎంఫిల్ చేసి, అందులో పర్యవేక్షణ కింద రోగులతో పనిచేసిన శిక్షణ ఉండాలి. అంటే ఉత్త ఎమ్మెస్సీ పట్టా పెట్టుకుని ట్రంకు రోడ్డులో ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని బోర్డు తగిలించడం కుదరదు. తగిలించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మీరు వాళ్లలో చేరకండి.

ఇప్పుడు తిరకాసు ఎక్కడ వచ్చిందంటే, ఆ ఎంఫిలే పోతోంది. 2022లో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చి ఎంఫిల్‌ను ఆపేసింది. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు చేర్చుకోవచ్చని గడువు పొడిగించింది. ఆ స్థానంలోకి ఆర్‌సీఐ రెండేళ్ల ఎమ్మే క్లినికల్ సైకాలజీ, నాలుగేళ్ల సైడీ, అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ, తెచ్చింది. కాబట్టి మీ సీనియర్ అక్క ఐదేళ్ల కిందట చేసిన దారి మీకు పనికిరాకపోవచ్చు. ఆమె మంచి మనసుతోనే చెప్తుంది, “ముందు ఏదో ఒక ఎమ్మెస్సీ చేసెయ్, తర్వాత నిమ్‌హాన్స్‌లో ఎంఫిల్ రాయి” అని. నిమ్‌హాన్స్ అంటే బెంగళూరులో ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ. ఆ సలహాకి కాలం చెల్లుతోంది.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. కాలేజీ బ్రోచర్ మీద ‘ఎమ్మే క్లినికల్ సైకాలజీ’ అని ఉన్నంత మాత్రాన ఆర్‌సీఐ గుర్తింపు ఉన్నట్టు కాదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో అనుమతి ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. అందులో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు, మీరు చేరే సంవత్సరం, మూడూ కలిసి కనపడాలి. మూడింట్లో ఒకటి లేకపోయినా డబ్బు కట్టకండి. “ప్రాసెస్‌లో ఉంది మేడమ్, వచ్చేస్తుంది” అని ఆఫీసులో చెప్తారు. వచ్చాకే కడతామనండి. మన నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి, చదువు బాగా రావాలని మొక్కుకునే చదువు రొట్టె పట్టుకోండి, నేను వద్దనను. దాంతోపాటు ఆ జాబితా కూడా చూడండి.

దూరవిద్య సంగతి చాలామంది ఇళ్లలో ఇంకా తెలియదు. మన జిల్లాల్లో, ముఖ్యంగా పెళ్లయిన ఆడపిల్లలు, టీచర్లు, ఏ డిగ్రీ చదివినవాళ్లయినా ఇగ్నోలో ఎమ్మే సైకాలజీ కట్టుకునేవాళ్లు. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, ఫీజు తక్కువ. 2025 ఆగస్టులో యూజీసీ ఒక నిర్ణయం ప్రకటించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, ఆ ఏడాది జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని. దీని మీద నాకు రెండు మనసులున్నాయి. మనిషి ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సిన పని పోస్టులో నేర్పడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఉదయగిరిలో ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకున్న తల్లికి ఆ తలుపు మూశాక ఇంకో తలుపు చూపించలేదు. పక్క జిల్లాకి పోయి హాస్టల్లో ఉండి చదవమంటే ఆమెకి కుదిరే పనేనా? నా అభిప్రాయం ఎలా ఉన్నా, మీరు మాత్రం పాత నోటిఫికేషన్ చూసి ఎవరికో డబ్బు కట్టి మోసపోకండి. “ఆన్‌లైన్‌లో ఆరు నెలల్లో ఎమ్మెస్సీ సైకాలజీ” అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఉద్యోగాలు ఉన్నాయా? పెద్దాయన అడిగింది ఇదే కదా. 2015-16లో నిమ్‌హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వాళ్లలో అత్యధికులకి చికిత్స అందడం లేదని కూడా తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మనది లేదు. ఈ మాట పక్కన పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వాడతాను.

రెండోది, సుప్రీంకోర్టు తీర్పు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలైలో కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో ఉంది. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొంది ఉండాలని కూడా ఉంది. మన నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఆ గోడల లోపల శిక్షణ ఉన్న మనిషి ఒకరు కూర్చోవాలని కోర్టే చెప్పింది. అమలు ఎంత జరుగుతుందో చూడాలి, కాగితం మీద ఒక పేరు రాసుకుని సరిపెట్టేవాళ్లు కూడా ఉంటారు. అయినా కౌన్సెలింగ్ వైపు పోదలుచుకున్నవాళ్లకి ఇంత గట్టి ఆధారం ఇంతకుముందు లేదు. అందుకని పీజీలో కోర్సులు ఎంచుకునేటప్పుడు పిల్లల అభివృద్ధి, స్కూల్ కౌన్సెలింగ్ ఉన్నాయా, ప్రాక్టికమ్, అంటే పర్యవేక్షణ కింద చేసే పని శిక్షణ, ఎక్కడ చేయిస్తారు అని అడగండి.

యూనివర్సిటీల గురించి తొందరగా చెప్పేస్తాను, వివరాలు మీకు ఫోన్లో దొరుకుతాయి. మనకి దగ్గరగా తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ విభాగం పాతది. కోనేరు రామకృష్ణారావు గారు పెట్టిన విభాగం అది, ‘సైకాలజీ అండ్ పారాసైకాలజీ’ అని పేరు పెట్టారు. ఆయన అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రైన్ దగ్గర పనిచేసి వచ్చారు. టెలిపతీ, అతీంద్రియ జ్ఞానం లాంటివాటిని ప్రయోగశాలలో పరీక్షించిన మనిషి రైన్. ఆ ఫలితాల మీద వాదన తెగలేదు, శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. కానీ ఒక తెలుగు యూనివర్సిటీకి ప్రపంచమంతా తెలిసిన సైకాలజీ విభాగం రావడం మాత్రం ఆయన వల్లే. మన రాష్ట్ర యూనివర్సిటీలకి 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ, అంటే ఒంటి ఆరోగ్యానికీ మనసుకీ ఉన్న సంబంధం చదివే శాఖ, దానికి సెంటర్ ఉంది, అక్కడికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇది జాగ్రత్తగా వినండి. సీయూఈటీ పీజీ 2024లోనూ 2025లోనూ మార్చిలో జరిగింది. మీకు చివరి సెమిస్టరు పరీక్షలు కూడా అయ్యుండవు. రిజల్ట్స్ వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లకి ఆ ఏడాది పోయినట్టే. చలికాలంలోనే నోటిఫికేషన్ చూసుకోవాలి.

సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు కోత. తెలుగు మీడియం పిల్లలు ఒక పని చేయండి: పాఠం తెలుగులో అర్థం చేసుకోండి, పదాలు మాత్రం ఇంగ్లీషులో నోటికి రానివ్వండి. ప్రశ్నపత్రం మీకు తెలుగులో రాదు. ఇక స్టాటిస్టిక్స్. “లెక్కలు వద్దనే కదా మేడమ్ సైకాలజీ అనుకున్నాం” అంటారు. జర్మనీలో లైప్జిగ్‌లో 1879లో వుంట్ అనే ఆయన సైకాలజీ ప్రయోగశాల పెట్టినప్పటి నుంచి ఈ శాస్త్రం కొలతల మీదే నడుస్తోంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ-టెస్ట్, ఇవి రాకుండా పీజీ మొదటి సెమిస్టరు కూడా గట్టెక్కలేరు. ఎంట్రన్స్‌లో కూడా మార్కులు అక్కడే తెచ్చుకోవచ్చు, ఎందుకంటే చాలామంది ఆ అధ్యాయం వదిలేసి వస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ప్రైవేటు యూనివర్సిటీలు, ఇంటర్వ్యూ పెట్టే సంస్థలు, విదేశాలు, వీటికి మీరు ఒక స్టేట్‌మెంట్ రాయాలి. నేను ఎందుకు ఈ చదువు కోరుకుంటున్నాను అని. పిల్లలు నాకు పంపించేవి చదువుతుంటాను. పదింట్లో ఎనిమిది ఒకేలా మొదలవుతాయి. “చిన్నప్పటి నుంచి మనుషుల్ని గమనించడం నాకు ఇష్టం. ఫ్రెండ్స్ అందరూ తమ బాధలు నాకే చెప్పుకుంటారు. సమాజానికి సేవ చేయాలని నా కోరిక.” ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చదివేవాళ్లకి మీరెవరో తెలియదు. మీ పేరు తీసేసి పక్క అమ్మాయి పేరు పెట్టినా సరిపోతుంది.

ఇంకో రకం, తమ సొంత బాధ రాస్తారు. డిప్రెషన్ వచ్చింది, ఇంట్లో గొడవలు, అందుకే సైకాలజీ అని. 2006లో డ్రూ ఆపిల్‌బీ, కరెన్ ఆపిల్‌బీ అనే ఇద్దరు అమెరికాలో సైకాలజీ అడ్మిషన్ కమిటీల పెద్దల్ని అడిగి చూశారు, ఎలాంటి తప్పుల వల్ల మంచి విద్యార్థుల దరఖాస్తులు కూడా పోతున్నాయని. అవసరానికి మించి సొంత మానసిక సమస్యలు చెప్పుకోవడం, ఊరికే ‘అందరికీ సాయం చేస్తాను’ అనడం, రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. భాషా దోషాలు, సరిగా తెలియనివాళ్ల చేత రాయించుకున్న సిఫారసు లేఖలు కూడా. బాధపడినవాళ్లు సైకాలజీకి రాకూడదని కాదు, నా మాట తప్పుగా తీసుకోవద్దు. ఎవరికి లేదు బాధ? మీ బాధ ఏ ప్రశ్న అయింది, ఆ ప్రశ్న కోసం మీరు ఏం చదివారు, ఏం చూశారు అన్నది వాళ్లకి కావాలి. ఆ ప్రశ్న దగ్గరికి పోకుండా బాధ దగ్గరే ఆగిపోతే, చదివేవాళ్లకి మీ మీద జాలి కలుగుతుంది, సీటు రాదు.

ప్రశ్నలు ఎక్కడ వెతకాలి? బెంగళూరు పోనక్కర్లేదు. మన జిల్లాల్లో ఉన్నన్ని ప్రశ్నలు ఎక్కడ ఉన్నాయి చెప్పండి. కనిగిరి వైపు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన మనుషులున్నారు. ఎముకల గురించి డాక్టర్లు రాశారు. నలభై ఏళ్లకే నడవలేకపోతే ఆ మనిషికి ఇంట్లో, పెళ్లి పేరంటాల్లో స్థానం ఏమవుతుంది? అది హెల్త్ సైకాలజీ ప్రశ్న. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులు చూడండి. వైరస్ వస్తే రాత్రికి రాత్రి పెట్టుబడి మొత్తం పోతుంది. అయినా రైతు మళ్లీ చెరువులో రొయ్య పిల్ల వేస్తాడు. నష్టం వచ్చాక మనిషి ఎందుకు ఇంకా పెద్ద రిస్కు తీసుకుంటాడన్నది నిర్ణయాల మనస్తత్వశాస్త్రంలో పెద్ద విషయం. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ మూడంతస్తుల ఇంట్లో ఇద్దరే, ఇలాంటి ఇళ్లు నెల్లూరులో వీధికి ఎన్ని? ఒంగోలు పొగాకు వేలం, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, మార్కాపురం వైపు నుంచి పనులకి వలస పోయే కుటుంబాలు, ఏది తీసుకున్నా ఒక ప్రశ్న దొరుకుతుంది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ఒకటి చెప్తాను. పిల్లల తెలివితేటలు కొలవడానికి మన దేశంలో బాగా వాడే పరీక్షల్లో బినే-కామత్ పరీక్ష ఒకటి. వి.వి. కామత్ 1930ల్లో బొంబాయి ప్రాంతంలో మరాఠీ, కన్నడ పిల్లల మీద దాన్ని ప్రామాణీకరించారు. ఇప్పుడు ఇందుకూరుపేట పక్కన ఒక యానాది పిల్లవాడిని కూర్చోబెట్టి అలాంటి పరీక్ష పెట్టారనుకోండి. వాడికి ఏ కాలంలో ఏ చేప ఏ కాలవలో దొరుకుతుందో తెలుసు, వలలో ముడి ఎక్కడ వదులైందో చేత్తో తడిమి చెప్తాడు. పరీక్ష అవి అడగదు. మార్కు తక్కువ వస్తుంది, కాగితం మీద ‘మేధో వైకల్యం’ అని పడొచ్చు. ఆ కొలబద్ద వాడికి సరిపోయిందా అని ఎవరు చూశారు? ఇందాక పక్కన పెట్టమన్నాను కదా, జాతీయ సర్వేలో మన రాష్ట్రం లేదని. ఇవన్నీ కలిపి చూడండి. మన మనుషుల గురించిన లెక్కలే తక్కువగా ఉన్నాయి. ‘సేవ చేస్తాను’ అని నాలుగు పేరాలు రాసే బదులు, ఈ ఒక్క సంగతి మీరు ఎలా గమనించారో, దాని గురించి ఏం చదివారో, ఇంకా ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాస్తే, ఆ కాగితం మీద మీ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టడం కుదరదు.

చూడకుండా మాత్రం రాయకండి. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజినల్ సెంటర్ మన నెల్లూరులోనే ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద నడుస్తుంది. అనుమతి అడిగి వెళ్లండి. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులతో మాట్లాడండి. ఒకవేళ ఈ పని మీకు సరిపడదని అక్కడే తెలిసిపోతే, ఫీజు కట్టకముందే తెలిసినందుకు సంతోషించండి.

సిఫారసు లేఖల గురించి మన అలవాటు మీకు తెలుసు. పిల్లలే రాసుకొస్తారు, లెక్చరర్ సంతకం పెడతారు. నాకూ తెస్తారు. “షి ఈజ్ వెరీ హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్” అని ముగ్గురి లేఖల్లో ఒకే వాక్యం. నేను సంతకం పెట్టను. లెక్చరర్లని కూడా తప్పు పట్టలేం, క్లాసులో అరవై మంది ఉంటే ఎవరెవరో గుర్తుండదు. అందుకని మీరే ఒక పని చేయండి. రెండో ఏడాది నుంచే ఒకరిద్దరు లెక్చరర్లకి మీ పని చూపించండి, ప్రాజెక్టు అయినా, సెమినార్ అయినా. లేఖ అడిగేటప్పుడు మీరు ఆ సబ్జెక్టులో ఏం చేశారో ఒక పేజీ రాసివ్వండి, కనీసం నెల రోజుల ముందు. చివరి తేదీ రాత్రి పదింటికి ఫోన్ చేసి “మేడమ్, లింక్ వచ్చింది, కొంచెం నొక్కండి” అంటే నాకు కోపం వస్తుంది, నొక్కుతాను కానీ లేఖలో ఏమీ ఉండదు.

విదేశాల గురించి రెండు మాటలు చాలు. అమెరికాలో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీకి పోటీ చాలా ఎక్కువ, కానీ మంచి ప్రోగ్రాముల్లో ట్యూషన్ ఫీజు వాళ్లే భరించి స్టైపెండ్ ఇస్తారు. అక్కడ మిమ్మల్ని ఎంపిక చేసేది దాదాపుగా ఒక ప్రొఫెసర్. ఆయన చేసే పరిశోధనకి మీ ప్రశ్న అతకాలి. గడువులు డిసెంబరు ప్రాంతంలో ఉంటాయి. మాస్టర్స్‌కి ఎక్కువగా సొంత డబ్బే పెట్టుకోవాలి. పొలం అమ్మి పంపే ముందు, అక్కడ ప్రాక్టీసు చేయాలంటే లైసెన్సుకి ఏ చదువు కావాలో ఆ రాష్ట్రం నిబంధనలు చదవండి. బ్రిటన్‌లో వేరే డిగ్రీ చదివినవాళ్ల కోసం ‘కన్వర్షన్’ ఎమ్మెస్సీలు ఉన్నాయి. అది చేస్తే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు, ఆ పై చదువులకి అర్హత మాత్రం వస్తుంది. కన్సల్టెన్సీవాళ్లు ఈ రెండో భాగం చెప్పరు.

నా మాటలు అయిపోయాయి, ప్రశ్నలు అడగండి. ఆ పసుపు చున్నీ అమ్మాయి.

“మేడమ్, నేను బీకాం. నాకు సైకాలజీ పీజీలో సీటిస్తారా?”

కొన్ని చోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు, కొన్ని చోట్ల డిగ్రీలో సైకాలజీ చదివి ఉండాల్సిందే. పీజీసెట్ నోటిఫికేషన్లో కోర్సు పక్కనే అర్హత రాసి ఉంటుంది, అది చూడు. ఆస్పత్రి వైపు వెళ్లాలనుకుంటే ముందు ఆర్‌సీఐ నిబంధన చూడు, అక్కడ బీకాంతో ఇబ్బంది రావచ్చు. కంపెనీల వైపు అయితే నీ బీకాం నీకు మైనస్ కాదు, ప్లస్. ఏ వైపో అనుకున్నావా?

“ఇంకా లేదు మేడమ్.”

సరే, సభ అయ్యాక ఉండు. మీ నాన్నగారు వచ్చుంటే ఆయన్ని కూడా పిలువు. ఆ వెనక ఎవరో చెయ్యెత్తారు, మైకు ఇవ్వండి వాళ్లకి.